నల్లగొండ టెక్నిక్, ఇరవై లీటర్ల క్యాన్

నీటిశుద్ధి పరిశోధకుల అంతర్జాతీయ బృందంలో చేరేదాకా మా ఊరి పేరుకు ఇంత విలువుందని నాకు తెలియదు. అంతకుముందు బస్సులో ఎవరైనా ఊరడిగితే, నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ నీళ్ల గార ఉందేమోనని ముందు నా పళ్ల వైపు చూసేవాళ్లు. ఇప్పుడు ఇథియోపియా నుంచి ఒకాయన, టాంజానియా నుంచి ఒకావిడ కంప్యూటర్ తెరమీద ప్రత్యక్షమై, "నిజంగా నల్లగొండేనా?" అంటూ తిరుపతి కొండ దిగివచ్చినవాణ్ని చూసినట్టు చూస్తున్నారు.

కారణముంది. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థవాళ్లు నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఒకటి తయారుచేసి, దానికి మా ఊరి పేరు పెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి, ముందు గబగబా, తర్వాత నెమ్మదిగా తిప్పి, ఓ గంట కదపకుండా ఉంచాలి. పటిక రేకులు రేకులుగా గడ్డకట్టి, ఫ్లోరైడ్‌ను వెంటబెట్టుకుని అడుక్కి దిగుతుంది. పైన తేటనీళ్లు. కరెంటు అక్కర్లేదు, తిప్పే మనిషుంటే చాలు. ఆ మనిషే ఏ ఊళ్లోనూ దొరకడు.

"మీ ఇళ్లలో ఇప్పటికీ రోజూ ఇలాగే చేస్తారు కదా?" అని ఇథియోపియా ఆయన భక్తిగా అడిగాడు. నా వెనకాల వీధి చివరి ప్లాంటు నుంచి తెప్పించిన ఇరవై లీటర్ల క్యాన్ కెమెరాకు నిండుగా కనబడుతోంది. కాస్త జరిగి దానికి అడ్డం కూర్చున్నాను.

సభ్యత్వ పత్రంలో 'మీరు పంచుకోగల పరికరాలు' అని ఒక గడి ఉండింది. అందరూ కోట్ల ఖరీదు యంత్రాలు రాశారట. నేను కుళాయి బిగించిన ప్లాస్టిక్ బకెట్టు, తెడ్డు అని రాశాను. ఇంతవరకూ ఎవరైనా అరువడిగింది ఆ బకెట్టు కొలతలే. యంత్రాల సంగతి దేవుడెరుగు, ఈ పరిశోధకులు ధారాళంగా పంచుకునేది అచ్చయిపోయిన వ్యాసాలు. అచ్చుకాని లెక్కలు అడిగిన క్షణాన అవతల ఇంటర్నెట్ పోతుంది.

పోయిన సమావేశంలో ఎముకల బొగ్గు మీద చర్చ నడిచింది. పశువుల ఎముకలు కాల్చి చేసే ఈ బొగ్గు ఫ్లోరైడ్‌ను బాగా పట్టేస్తుంది. కెన్యా, టాంజానియాల్లో వాడారు కూడా. వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినబడింది.

"ఏందండీ, బొక్కలు కాల్చి నీళ్లల్ల ఏసుడా? గా ముచ్చట ఆడనే ఉండనియ్యుండ్రి, నా బిందె కాడికి తేవద్దు."

మన దేశంలో ఆ బొగ్గు ఎందుకు నిలదొక్కుకోలేదో వివరించడానికి నిపుణులకు పేజీలు పడతాయి. ఆవిడ అంతటితో ఆగలేదు.

"సరే, మీ పటిక నీళ్లే మంచియి. మరి అడుగున మిగిలిన మడ్డి ఏడ పారబోస్తరు? మల్లా బాయి గడ్డకేనా?"

అదే మాట ఇంగ్లీషులోకి మార్చి సమావేశంలో అడిగాను. వరసగా మైకులన్నీ ఆగిపోయాయి. చివరికి ఒక ప్రొఫెసర్‌గారు గొంతు సవరించుకుని, ఇది చాలా లోతైన ప్రశ్న అన్నారు. మిగతావాళ్లు చప్పట్లబొమ్మలు పెట్టారు. అయిదు నిమిషాల్లో ఉపసంఘం ఏర్పడింది. అధ్యక్షుడిగా నన్నే వేశారు.

కబురు చెబితే ఆవిడ, "పైసలేమన్న ఇస్తరా?" అంది.

"లేదు, గౌరవ పదవి."

"అంటె తేట వాళ్లు వంచుకొని, మడ్డి మీకిచ్చిన్రన్నట్టు."