హెచ్చార్ వారికి తలకిందుల సలహాలు

అక్టోబరు 10, మానసిక ఆరోగ్య దినం దగ్గర పడిందంటే ఆఫీసుల్లో హడావుడి మొదలవుతుంది. ఉద్యోగులందరికీ డిప్రెషన్ పరీక్ష పెట్టమని మీకూ పైనుంచి మెయిల్ వచ్చే ఉంటుంది. పెట్టకండి. అడ్డంగా మాట్లాడుతున్నానని అనిపించినా సరే, ఇదే నా మొదటి సలహా.

మీరు పంచబోయేది బహుశా పీహెచ్‌క్యూ-9. గత రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు కూర్చుని వివరంగా అడగాలని అర్థం. జబ్బు ఉందని తేలిపోయినట్టు కాదు. 100 మందిలో ఐదుగురికి నిజంగా డిప్రెషన్ ఉందనుకుందాం. వాళ్లలో నలుగురు దొరుకుతారు. జబ్బు లేనివాళ్లలో కూడా సుమారు 15 శాతం మందికి పది లేదా అంతకు మించి వస్తుంది కాబట్టి మరో 14 మంది ఆ జాబితాలోకి వస్తారు. క్లినిక్‌లో అయితే డాక్టరు మాట్లాడి తేల్చేస్తారు. మీ దగ్గర ఆ పేర్లన్నీ ఎక్సెల్ షీట్‌లో అలాగే ఉండిపోతాయి.

పేర్లు అడగడం లేదంటారా? టీమ్, వయసు, ఆడా మగా అని అడుగుతున్నారుగా. ఎనిమిది మంది టీమ్‌లో 30 దాటిన మహిళ ఒక్కరే ఉంటే ఇంక పేరెందుకు? 2024 డిసెంబరులో నోయిడా కంపెనీ ఒకటి, ఒత్తిడి ఉందని సర్వేలో చెప్పినవాళ్లను ఉద్యోగంలోంచి తీసేసిందని వార్త వచ్చింది. ఎవరినీ తీయలేదని కంపెనీ తర్వాత చెప్పింది. కానీ జనం వెంటనే నమ్మారు. మీ ఫారం నింపేవాళ్ల మనసులోనూ ఆ భయమే ఉంటుంది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది తొమ్మిదో ప్రశ్న. చచ్చిపోతే బాగుండునని గానీ, తనకు తాను హాని చేసుకోవాలని గానీ అనిపించిందా అని అడుగుతుందది. శుక్రవారం సాయంత్రం ఒకరు 'దాదాపు ప్రతిరోజూ' దగ్గర టిక్ పెట్టారు. మీరు ఫారం తెరిచేది సోమవారం. ఈలోపు ఆ మనిషిని ఎవరు చూసుకుంటారు? ఆ రాత్రే ఫోన్ చేయడానికి ఒక సైకియాట్రిస్టును మాట్లాడి పెట్టుకోకపోతే ఆ ప్రశ్న అడిగే హక్కు మీకు లేదు.

ఉద్యోగులకు స్క్రీనింగ్ పెట్టమని గానీ, వద్దని గానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో చెప్పలేదు. లాభం ఎక్కువో నష్టం ఎక్కువో తేలలేదంది. మేనేజర్లకు శిక్షణ ఇవ్వమని మాత్రం స్పష్టంగా చెప్పింది.

కాబట్టి మనుషులను వదిలేసి రోస్టరును పరీక్షించండి. అమెరికా క్లయింటు కోసం నెలల తరబడి రాత్రి షిఫ్టులోనే ఎవరున్నారు, కాంప్ ఆఫ్ ఎవరికి బాకీ పడింది, సెలవు అడిగిన ప్రతిసారీ తిప్పికొడుతున్న లీడ్ ఎవరు, ఇదంతా మీ సిస్టంలోనే ఉంది. సైకియాట్రీ ఓపీ ఖర్చు కంపెనీ ఇన్సూరెన్సులో వస్తుందో లేదో కనుక్కోండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 తెలుగులోనూ పనిచేస్తుంది, 24 గంటలూ ఉచితం. దాన్ని రిసెప్షన్ గోడ మీద కాదు, వాష్‌రూం తలుపులకు లోపలివైపు అంటించండి. ఎవరూ చూడకుండా ఫోన్‌లో ఎక్కించుకుంటారు.