ఆధారం జతచేయండి!

మీ ఊరి సినిమా చరిత్రను నెట్‌లో ఎక్కించండని గ్రంథాలయాలు జనాన్ని పిలిచే కాలమిది.

భేషుగ్గా ఉంది!

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబర్ 15న పుట్టిందని దశాబ్దాలపాటు పండగ చేసుకున్నాం.
సినీ పరిశోధకుడు రెంటాల జయదేవ పాత పత్రికలు తిరగేసి, కాదు, 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు.
సినిమా చూసి సరిపోల్చుకుందామా? ప్రింటే లేదాయె!

తొలి టాకీకే ఈ గతి పడితే టూరింగ్ టాకీసుకు జాతకం ఎవరు రాసిపెట్టారు?

నిమ్మనపల్లె పెద్దాయన్ను కదిలించండి. నేల టికెట్టు, ఇసుక కుప్ప మీద సింహాసనం, రీలు తెగితే డేరా అదిరేలా ఈలలు... గుక్క తిప్పుకోడు.

అదంతా నెట్‌లో ఎక్కించబోతే “ఆధారం జతచేయండి” అంటుంది కంప్యూటరు.

“ఈలను ఎట్ల ఎక్కించేది నాయనా?”