తొందర నా వృత్తి

నేను కమోడోర్ 64 కంప్యూటర్ వెనక గాడిలో దూర్చే కార్ట్రిడ్జ్‌ని. పేరు ఎపిక్స్ ఫాస్ట్ లోడ్. 1984లో వచ్చాను. ప్లాస్టిక్ డొప్పలో ఎనిమిది కిలోబైట్ల రోమ్, నా ఆస్తంతా అదే. నా ప్రోగ్రామ్ రాసినవాడు స్కాట్ నెల్సన్.

నన్ను కన్న కంపెనీ ఆటలు అమ్ముకు బతికేది. 1978లో జిమ్ కానెలీ, జాన్ ఫ్రీమన్ కలిసి ఆటోమేటెడ్ సిమ్యులేషన్స్ అని మొదలుపెట్టారు. ఎపిక్స్ అనే పేరు తర్వాత వచ్చింది. 'సమ్మర్ గేమ్స్', 'ఇంపాజిబుల్ మిషన్' మా ఇంటివే, నా ఈడువే. అలాంటి ఇంట్లో నేనెందుకు పుట్టానంటే, ఆట కొన్నవాడు ఆడేముందు ఎదురుచూడాల్సి వచ్చేది కనుక.

64కి తగిలించే 1541 డిస్కు డ్రైవ్ సెకనుకు సుమారు 400 బైట్లు పంపేది. నలభై కిలోబైట్ల ఆట ఎక్కాలంటే ఒకటిన్నర నిమిషం పైమాటే. అసలు తప్పు అంతకుముందు వచ్చిన కమోడోర్ కంప్యూటర్ విక్-20ది. అందులో ఒక చిప్ దోషం వల్ల ఒక్కొక్క బిట్టునే సాఫ్ట్‌వేర్‌తో పంపాల్సొచ్చింది. పాత సామగ్రితో పొత్తు చెడకూడదని 64లోనూ అదే తంతు సాగించారు. పైగా ఇందులో తెర గీసే చిప్ మధ్యమధ్య ప్రాసెసర్‌ని ఆపేస్తుంది. అందుకని వేగం ఇంకా తగ్గించారు.

నేను చేసింది చిన్న పనే. ఆ డ్రైవ్‌లో సొంత ప్రాసెసర్, సొంత మెమరీ ఉన్నాయి. అందులోకి నా ప్రోగ్రామ్ పంపి, తీరిగ్గా మాట్లాడే పాత పద్ధతి మాన్పించి, డ్రైవ్‌నీ కంప్యూటర్‌నీ కలిపే తీగల్లో రెండింటి మీదా ఒకేసారి బిట్లు తెప్పించాను. అయిదింతల వేగం! పని లేనప్పుడు నా రోమ్‌ని మెమరీలోంచి తప్పించి, మిగతావాళ్లకు చోటు వదిలేదాన్ని. అడక్కుండా పక్కకు జరగడం నాకు చేతనైన మర్యాద.

ఆ మర్యాదే నా కొంప ముంచింది. మొదటి వారం మా యజమాని చుట్టాలందరికీ నన్ను చూపించాడు. వేగం అలవాటయ్యాక నేనున్నానన్న సంగతే మరిచాడు. కాపీ కాకుండా కట్టుదిట్టం చేసిన ఏ డిస్కో నాతో పడక మొరాయిస్తే మాత్రం ఠక్కున గుర్తొచ్చేదాన్ని. నన్ను ఆపే వీలు మెనూలోనే ఉంది. పుస్తకం తెరిస్తే కదా తెలిసేది! కంప్యూటర్ ఆపకుండానే నన్ను పీకి, తిట్టి, సొరుగులో పారేసేవాడు. నా రాగి పళ్లకు పట్టిన దుమ్ము తుడిచిన పాపాన పోలేదు. డ్రైవ్‌లోకి రాయడం మాత్రం ఎందుకు వేగంగా జరగదని కూడా నన్నే తిట్టాడు. చదవడమే నా పని నాయనా, రాయడం కాదు.

తర్వాత ఆటలే తమను వేగంగా ఎక్కించే లోడర్లు తాము తెచ్చుకున్నాయి. మా ఇంటి ఆటలకే వోర్పల్ అనే లోడర్ వచ్చింది. పెద్దకొడుకుండగా చిన్నవాడి చేతికి తాళాలిచ్చినట్టయింది నా పని. మా కంపెనీ జాయ్‌స్టిక్‌లూ చేసింది, చేతిలో పట్టే ఆటయంత్రమూ తలపెట్టింది. దానికి డబ్బు చాలక అటారీ చేతిలో పెట్టింది. 1989లో అది లింక్స్ పేరుతో బజారుకెక్కింది. అదే ఏడు ఎపిక్స్ దివాలా పిటిషన్ వేసింది. నేను అప్పటికి సొరుగులో తెగిన తీగల మధ్య ఉన్నాను.

ఇప్పుడు పాత యంత్రాలంటే పడిచచ్చేవాళ్లు డ్రైవ్ బదులు ఎస్‌డీ కార్డు పెట్టే పరికరాలు వాడుతున్నారు. వాటిలో డిస్కు లేదు, అది తిరగడమూ లేదు. అయినా వాటిలో కొన్ని నా మాటతీరు నేర్చుకునే వచ్చాయి, నన్ను గాడిలో పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారని. మా యజమాని వాళ్లలో లేడు. ఉంటే, ఇంత నెమ్మదేమిటని వాటినీ తిట్టేవాడు.