దయతో, మీ కంపెనీ

ఇస్నాపూర్ చౌరస్తాలో టీ కొట్టు దగ్గర ఒక అట్టపెట్టెల వ్యాపారి పరిచయమయ్యాడు. చుట్టుపక్కల ఫ్యాక్టరీలకి పెట్టెలు సరఫరా చేస్తాడు. మాటల మధ్యలో తన బిల్లు పుస్తకం చూపించాడు. అడుగున చిన్నక్షరాల్లో రెండు లైన్లు అచ్చేసి ఉన్నాయి. ఒకటి: 45 రోజులు దాటిన బిల్లుకు చట్టప్రకారం వడ్డీ వసూలు చేయబడును. రెండోది: ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

"వడ్డీ ఎవరన్నా ఇచ్చిన్రా అన్నా?" అని అడిగాను.

"అడిగితే మల్ల ఆర్డరు రాదు. రాసి పెట్టుకుంటే గుండె ధైర్యం, అంతే," అన్నాడు టీలో బిస్కెట్ ముంచుతూ.

ఆ ధైర్యం ఊరికే వచ్చింది కాదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం గడువు దాటిన బాకీకి రిజర్వు బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ. 2025 జూన్ లెక్కన ఏడాదికి 17.25 శాతం. మన దేశంలో అట్టపెట్టెకి ఉన్న గౌరవం అది.

ఇక పక్కనే ఉన్న పాశమైలారం. 2025 జూన్ 30 ఉదయం అక్కడి సిగాచీ ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగింది. మందుబిళ్లల్లో కలిపే సెల్యులోజ్ పొడి తయారుచేసే చోటు. బిహార్, ఒడిశా, జార్ఖండ్‌ల నుంచి వచ్చినవాళ్లతో కలిపి 54 మంది పోయారు. అందులో ఎనిమిది మంది ఆనవాళ్లే దొరకలేదు. మిగతావాళ్లలో ఎవరు ఎవరో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. రెండు రోజులకి కంపెనీ స్టాక్ ఎక్స్చేంజీకి ఉత్తరం రాసింది, చనిపోయినవారి కుటుంబాలకి కోటి రూపాయల చొప్పున ఎక్స్‌గ్రేషియా ఇస్తామని.

కోటి చాలదని కాదు నా గొడవ. ఆ మాటతోనే. ఎక్స్‌గ్రేషియా అంటే లాటిన్‌లో 'దయకొద్దీ' అని అర్థం. ఇవ్వాల్సిన పని లేదు, తప్పు ఒప్పుకోవడమూ లేదు, మనసు కరిగి ఇస్తున్నాం, పుచ్చుకోండి. ఇది ఆ ఒక్క కంపెనీ కనిపెట్టిన మాటా కాదు. రైళ్లు పడ్డా, బస్సులు కాలినా సర్కార్లు కూడా ఇదే మంత్రం చదువుతాయి. రేపు పాలవాడికి నెల బాకీ చేతిలో పెట్టి, "ఇదిగో ఎక్స్‌గ్రేషియా" అని చూడండి. ఎల్లుండి కాఫీ ఎలా తాగుతారో నేనూ చూస్తాను.

చట్టం దయ సంగతి ఎప్పుడో తేల్చేసింది. ఇంగ్లాండులో ఒకాయన చెరువు తవ్వించుకుంటే నీళ్లు పక్కవాడి బొగ్గుగనిలోకి దూకాయి. 1868లో రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ తీర్పు వచ్చింది: ప్రమాదకరమైనదాన్ని తెచ్చి పెట్టుకున్నవాడే నష్టం భరించాలి. కాకపోతే దైవఘటన లాంటి కొన్ని కిటికీలు తెరిచి ఉంచారు. ఢిల్లీలో ఓలియం వాయువు లీకయ్యాక, 1986లో జస్టిస్ భగవతి ధర్మాసనం ఆ కిటికీలన్నీ మూసేసింది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడికి మినహాయింపుల్లేవు, ఎంత పెద్ద కంపెనీ అయితే పరిహారం అంత పెద్దది అంది. పాపం, తీర్పు వచ్చి దాదాపు నలభై ఏళ్లైనా దేవుడు మాత్రం మన పారిశ్రామికవాడలో మూడు షిఫ్టులూ డ్యూటీ చేస్తూనే ఉన్నాడు.

వేగం సంగతీ చెప్పుకోవాలి. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. 2001లో హైకోర్టుకి మారింది, తర్వాత హరిత ట్రిబ్యునల్‌కి. అక్కడ తీర్పు 2017లో. ఆ కాలుష్యం పారిన నక్కవాగు పక్క రైతుకి ఇరవై ఏడేళ్లు, అట్టపెట్టెకి నలభై ఐదు రోజులు.

దయ కాకుండా హక్కుగా ఎంత వస్తుంది? ప్రమాదం నాటికి అమల్లో ఉన్న 1923 నాటి పరిహారం చట్టం ప్రకారం, ఈఎస్‌ఐలో లేని పాతికేళ్ల కుర్రాడు నెలకి 30 వేలు తెచ్చుకుంటున్నా చట్టం కంటికి కనపడేది 15 వేలే. అందులో సగం తీసి 216.91తో గుణిస్తుంది. 16,26,825 రూపాయలు. దశాంశాల దాకా ఎంత నిక్కచ్చి! నెల దాటితే 12 శాతం వడ్డీ, అదీ బారువడ్డీ. సరైన కారణం లేకపోతే జరిమానా కూడా వేయొచ్చు. చక్రాలు అట్టపెట్టె వడ్డీకే.

ఈ దయకి జపాన్‌లో ఒక పెద్దన్న ఉన్నాడు. మినమాటాలో చిస్సో కంపెనీ పాదరసం వదిలిన సముద్రంలో చేపలు తిని జనం కాళ్లూ చేతులూ పడిపోయాయి. 1959 అక్టోబరులోనే కంపెనీ డాక్టరు ఫ్యాక్టరీ వ్యర్థం కలిపిన తిండి పెట్టిన పిల్లికి అదే జబ్బు వచ్చింది. ఆ సంగతి తొక్కిపెట్టి, డిసెంబరులో బాధితులతో 'పరామర్శ డబ్బు' ఒప్పందం రాయించుకున్నారు. రేపు కారణం మా మురుగేనని తేలినా ఇంకేమీ అడగకూడదని అందులో షరతు. అదే నెలలో శుద్ధియంత్రం ప్రారంభించి, అధ్యక్షుడుగారు శుద్ధిచేసిన నీళ్లంటూ గ్లాసెత్తి గటగటా తాగారు. పాదరసం మురుగు ఆ యంత్రం వైపు రానే లేదు. 1973లో కుమమోటో కోర్టు ఆ ఒప్పందం నీతికి విరుద్ధమని కొట్టేసింది. పరామర్శ డబ్బు పరిహారంగా మారడానికి పద్నాలుగేళ్లు పట్టింది.

అంతకాలం మనవాళ్లు ఆగలేరు కాబట్టి నాదొక సలహా. పాశమైలారంలో పనికి చేరే ప్రతి కూలీ ముందుగా ఉద్యం పోర్టల్‌లో సూక్ష్మ పరిశ్రమగా నమోదు కావాలి. ఫీజు లేదు. అప్పుడు అతను మనిషి కాడు, సరఫరాదారు. రోజూ పొద్దున గేటు దగ్గర డెలివరీ చలానా మీద 'అందినది' అని సెక్యూరిటీ చేత సంతకం పెట్టించుకోవాలి. లోపల ఎంతమంది ఉన్నారో లెక్క తేలలేదనే మాట ఉండదు. అతనికేమన్నా అయితే భార్య కలెక్టరాఫీసు మెట్ల మీద కూచోనక్కర్లేదు, బిల్లు పంపితే చాలు. 46వ రోజు నుంచి చక్రవడ్డీ.

బిల్లు పుస్తకం ఇస్నాపూర్ అన్న దగ్గరిదే అచ్చు వేయించొచ్చు. మొదటి లైను అలాగే ఉంచి, రెండోది మాత్రం కొట్టేసి తిరగరాయాలి: షిఫ్టు అయిపోగానే సరుకు వాపసు తీసుకోబడును.