రోల్ నంబరు 1

బళ్ళు తెరిచే జూన్ 12 దగ్గరపడిందంటే మా అపార్ట్‌మెంటు లిఫ్టులో అడుగుపెట్టడానికి భయం. ఎవరెక్కినా ఒకటే ప్రశ్న: "పాపని ఈసారైనా ఎక్కడన్నా వేస్తున్నారా?" ఆ 'ఈసారైనా'లో ఉన్న జాలి ఉంది చూశారూ, ఆరు అంతస్తులు దిగినా వదలదు.

మొదట్లో ఓపిగ్గా చెప్పేవాణ్ణి. ఇంట్లోనే చదివిస్తున్నామనీ, ఎన్ఐఓఎస్ అని 1989 నుంచీ సర్కారువారి ఓపెన్ స్కూలు ఉందనీ, మూడో తరగతికి సమానంగా 'ఎ' లెవెల్, ఐదుకి 'బి', ఎనిమిదికి 'సి' అనీ. 'బి' దగ్గరికి వచ్చేసరికి ఎదుటి మనిషి ఫోన్లో తల దూర్చేసేవాడు. ఇప్పుడు "చూస్తున్నామండీ" అని ఊరుకుంటున్నాను. మా అత్తగారికి ఆ మాట సరిపోదు. మొన్న ఫోన్లో గొంతు తగ్గించి, "ఫీజుకి ఇబ్బందైతే చెప్పండి బాబూ, మొహమాటపడకండి" అన్నారు.

పోనీ, కొత్త సంవత్సరానికి ఏర్పాట్లు చూద్దామా అంటే, టైంటేబుల్ గురించి అడక్కండి. నిరుడు గీసింది దసరాకే ఫ్రిజ్ వెనక్కి జారిపోయింది. ఈ ఏడు నా బెంగంతా అట్టల మీదే.

అట్టలు వేయమని మమ్మల్ని అడిగే టీచరు లేదు. ఉన్న ఒక్క టీచరూ మా ఆవిడ. ఆవిడే "ఎవరు చూడాలని?" అంది. జూన్‌లో బ్రౌన్ షీట్లు కొనని ఇల్లు మృగశిర కార్తెకి చేప వండని ఇల్లులా ఉండదూ? పన్నెండు షీట్ల చుట్ట తెచ్చి హాల్లో పరిచాను. పరిస్తే పరుచుకుంటుందా! ఈ మూల నొక్కితే ఆ మూల లేచి చుట్టుకుంటుంది. ఒక కొసన కందిపప్పు డబ్బా, రెండో కొసన నా మోకాలు. పుస్తకం వెన్ను దగ్గర పైనా కిందా రెండు గాట్లు పెట్టి, ఆ ముక్కని లోపలికి దోపాలి. అక్కడే ఉంది విద్య అంతా. గాటు వేలెడు ఎక్కువైతే వెన్ను బయటపడుతుంది, తక్కువైతే పుస్తకం మూసుకోదు. మా నాన్న కత్తెర ముట్టేవారు కాదు. పాత క్యాలెండరు కాగితాన్ని తెల్లవైపు పైకి పెట్టి, గోటితో మడత తీర్చి, మైదా జిగురుతో అంటించేవారు. ఆ జిగురు రుచికి వానాకాలంలో బొద్దింకలు నాకంటే ముందే సాంఘికశాస్త్రం పూర్తి చేసేవి. నా చేతిలో మాత్రం మూడు షీట్లు చిరిగి, నాలుగోది లెక్కల పుస్తకానికి తలకిందులుగా కుదిరింది.

తరవాత లేబుళ్ళు. పేరు సరే. తరగతి? లెక్కల్లో నాలుగు, తెలుగులో రెండు, నోటికి డిగ్రీ. సెక్షన్ దగ్గర, "హాలా, వంటిల్లా?" అని అడిగింది పాప. స్కూలు గడి ఖాళీ వదిలేశాం. రోల్ నంబరు దగ్గర గుండ్రంగా 1 వేసి, తలెత్తి, "మరి రెండెవరు నాన్నా?" అంది.

నాది 37. తొమ్మిదో తరగతిలో నేను బడి ఎగ్గొడితే 38 వాడు లేచి "రాలేదు సార్" అనేవాడు. చాడీకోరని తిట్టుకునేవాణ్ణి. నేనొచ్చానో లేదో రోజూ పనిగట్టుకుని చూసిన మనిషి ఇంట్లోవాళ్ళు కాకుండా వాడొక్కడేనని ఆ లేబుల్ ముందు కూర్చున్నప్పుడు తట్టింది. పాపచేత బడి మానిపించేటప్పుడు అరవైమందిని కుక్కిన గదినీ, నాచేత చేయించిన థర్మోకోల్ తాజ్‌మహల్‌నీ లెక్కేసుకున్నాను. 38 లెక్కలోకి రాలేదు.

ఒక నోట్‌బుక్కు మిగిలిపోయింది. దానికీ అట్ట వేశాను, ఈసారి సరిగ్గానే కుదిరింది. పాప దానిమీద రోల్ నంబరు 2 వేసి, పేరు దగ్గర 'అమ్మమ్మ' అని రాసింది. రాత్రి ఫోన్ చేసి చెబితే అత్తగారు కాసేపు ఏమీ అనలేదు. తరవాత, లెక్కలు మాత్రం తన వల్ల కాదని ముందే చెప్పేశారు.