గుంతకల్లుకు సముద్రం శాంక్షనైంది

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలనుకునే అనంతపురం జిల్లాకు కేంద్రం ఏకంగా కోస్తానే ఇచ్చేసింది. 2019 ఫిబ్రవరి 27న ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే జోన్‌లో మన గుంతకల్లు డివిజన్ కూడా ఉంది. హెడ్డాఫీసు విశాఖపట్నం. బోరు ఎంత లోతుకు దింపినా దుమ్ము తప్ప రాని చోట వలలు కొనుక్కోవడమే తరువాయి!

మాకిది కొత్తేం కాదు. 1956లో డివిజన్ పెట్టినప్పుడు దక్షిణ రైల్వే అన్నారు. 1977లో ఎత్తి దక్షిణ మధ్య రైల్వేలో వేశారు. ఇప్పుడు దక్షిణ కోస్తా. జోన్లు మారుతున్నాయి కానీ దక్షిణం మాత్రం వదలడం లేదు. యముడి దిక్కు కదా, అంత సులభంగా వదలదు. ఉగ్గాని మాత్రం ఏ జోన్‌కూ లొంగలేదు: నానబెట్టి పిండిన బొరుగులు, పైన పుట్నాల పొడి, పక్కన మిరపకాయ బజ్జి. దీన్ని కదిలించే గెజిట్ ఇంకా అచ్చు కాలేదు.

ఇన్ని బోర్డులు రాసినవాళ్లకు ఒక్క పేరు గుర్తు రాలేదు. హంపన్న. ఆఫీసరు కాదు, మంత్రి బంధువు కాదు, గేట్‌మ్యాన్. 1893 అక్టోబరులో ఇద్దరు ఆడవాళ్ల వెంటపడిన తెల్ల సోల్జర్లకు అడ్డం నిలబడ్డాడు. కాల్చి చంపారు. గుత్తి వకీలు కేశవ పిళ్ళై ‘ది హిందూ’కు రాసి ఊరుకోకుండా వెంటపడితే కేసు మద్రాసు హైకోర్టు దాకా పోయింది. అక్కడ సోల్జర్ నిర్దోషి అని తేలింది. అంటే తుపాకీకే ఆ పూట ఏదో కోపం వచ్చి ఉండాలి.

గుంతకల్లులో ఆయన సమాధి ఉంది. రైళ్లు ఆ ఊరి మీదుగానే పోతాయి, మైకుల్లో ఆయన పేరు మాత్రం వినపడదు. కనీసం ఒక ప్లాట్‌ఫారానికైనా ఆ పేరు పెట్టండి సార్ అని అడిగామనుకోండి, జవాబు ఎట్లా ఉంటుందో నేనే రాసిస్తా.

"1893లో మా జోన్ లేదు కదా. దక్షిణ మధ్యను అడగండి."

"మేం పుట్టింది 1966లో. దక్షిణ రైల్వేను అడగండి."

"మాది 1951. అప్పటికి మేమెవ్వరం డ్యూటీలో లేం."

నిజమే. డ్యూటీలో ఉన్నది ఆయనొక్కడే.