అందమైన పెద్ద అప్పు

అమెరికా ప్రభుత్వాన్ని ఒక్క విషయంలో మెచ్చుకుని తీరాలి. పద్దెనిమిదేళ్ల కుర్రాడు డిగ్రీ చదువుకు అప్పు కావాలంటే పొలం తాకట్టు అడగదు, జామీను సంతకం అడగదు, క్రెడిట్ స్కోరు కూడా చూడదు. నువ్వు సంతకం పెట్టు చాలు, నీ మీద మాకు నమ్మకం ఉంది అంటుంది. ఇంత నమ్మకం కన్నతండ్రికి కూడా ఉండదు.

అయితే ఆ సంతకం పెట్టే ప్రామిసరీ నోటులో ఇంకో మాట కూడా ఉంటుంది. చట్టం మారితే ఈ షరతులూ మారవచ్చు అని. ఎవరూ చదవరు. పద్దెనిమిదేళ్లకు చదివే రకమైతే స్కాలర్‌షిప్పే వచ్చేది. ఇంతకీ ఆ చట్టం మార్చేదెవరు? అప్పిచ్చిన ప్రభుత్వమే. వడ్డీ ఎంతో తేల్చేది, ఎన్నేళ్లలో కట్టాలో చెప్పేది, కట్టకపోతే జీతంలోంచి పట్టుకునేది కూడా అదే. 4 కోట్ల మందికి పైగా జనం దాదాపు 1.6 లక్షల కోట్ల డాలర్లు ఈ పద్ధతిలోనే బాకీ ఉన్నారు.

ఆరంభం బ్రహ్మాండంగానే జరిగింది. 1965 నవంబరులో లిండన్ జాన్సన్ టెక్సాస్‌లోని శాన్ మార్కోస్‌కు, తాను చదువుకున్న కాలేజీకే వెళ్లి ఉన్నత విద్యా చట్టం మీద సంతకం పెట్టాడు. డబ్బు లేదన్న కారణంతో ఎవరి చదువూ ఆగకూడదన్నది ఆశయం. 1972లో పేద పిల్లలకు తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటు పెట్టారు. తర్వాత దానికి సెనేటర్ క్లెయిబోర్న్ పెల్ పేరు పెట్టారు. అంతవరకూ బాగుంది. 1976 వచ్చేసరికి పెద్దలకు ఒక అనుమానం తగిలింది. ఈ పిల్లలు డిగ్రీ పుచ్చుకుని దివాలా తీసి పారిపోతే? అందుకని మొదటి ఐదేళ్లు దివాలా చెల్లదన్నారు. 1990లో దాన్ని ఏడేళ్లు చేశారు. 1998లో ఏళ్ల లెక్కే తీసేశారు. 2005లో ప్రైవేటు విద్యార్థి రుణాలను కూడా ఇందులో కలిపారు. ఇప్పుడు క్రెడిట్ కార్డు మీద ఊరంతా కొన్నవాడు దివాలా తీయవచ్చు. క్యాసినో కంపెనీలు దివాలా తీస్తే వాటి యజమాని దేశాధ్యక్షుడు కావచ్చు. సోషియాలజీ చదివినవాడు మాత్రం తన కష్టం అసాధారణమైనదని జడ్జి ముందు రుజువు చేసుకోవాలి. మామూలు కష్టం చాలదు.

కష్టం చూసి కరిగిపోయిన సందర్భాలూ లేకపోలేదు. 2007లో ఒక చట్టం తెచ్చారు. ప్రభుత్వ బడిలోనో, ధర్మాసుపత్రిలోనో పనిచేస్తూ పదేళ్లపాటు 120 వాయిదాలు కడితే మిగతా బాకీ మాఫీ. పంతుళ్లూ నర్సులూ నమ్మి పదేళ్లు కట్టారు. తీరా తొలి బ్యాచ్ దరఖాస్తు పెట్టుకుంటే నూటికి 99కి పైగా తిరస్కరించారు. మీ రుణం ఆ రకం కాదు, మీ ప్లాను ఈ రకం కాదు, ఆ ఫారం వేరు అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు. తర్వాత నిబంధనలు సడలించి లక్షల మందికి మాఫీ చేశారనుకోండి, అది వేరే కథ. ఈలోపు వాళ్ల పిల్లలు కాలేజీకొచ్చారు.

2022 ఆగస్టులో బైడెన్ గారు ఇంకా పెద్ద మనసు చేసుకున్నారు. ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, పెల్ గ్రాంటు పొందినవారికి 20,000 దాకా మాఫీ అన్నారు. 2023 జూన్ 30న సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో కుదరదంది. అలాగైతే ఇదిగో అని ‘సేవ్’ పేరుతో కొత్త వాయిదాల ప్లాను తెచ్చారు. 70 లక్షల మందికి పైగా అందులో చేరారు. 2024లో కోర్టులు దాన్నీ ఆపేశాయి. కట్టకండి, వడ్డీ వేయం, కేసు తేలేదాకా ఊరుకోండి అన్నారు. అందరూ ఊరుకున్నారు. 2025 ఆగస్టు 1 నుంచి వడ్డీ మళ్లీ మొదలైంది. ఊరుకోమన్నవారే మీటరు వేశారు.

ఇప్పుడు అసలు కథానాయకుడు. 2025 జులై 4న ట్రంప్ గారు సంతకం పెట్టిన చట్టం పేరు ‘వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్’. ఇందులో చదువు అప్పులకు సంబంధించిన వాటిలో ఎక్కువ భాగం 2026 జులై 1 నుంచి అమలు. మాస్టర్స్, పీహెచ్‌డీ వాళ్లకు ఉన్న ‘గ్రాడ్ ప్లస్’ రుణం కొత్తవారికి రద్దు. ఇక ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం లక్ష. వృత్తివిద్యలకైతే ఏడాదికి 50,000, మొత్తం 2 లక్షలు. తల్లిదండ్రులు పిల్లల కోసం తీసుకునే ‘పేరెంట్ ప్లస్’ ఒక్కో పిల్లకు ఏడాదికి 20,000, మొత్తం 65,000 దాటకూడదు.

ఇందులో న్యాయం లేదని అంటే అబద్ధమవుతుంది. 2006లో గ్రాడ్ ప్లస్ వచ్చినప్పటి నుంచి కాలేజీ ఎంత ఖర్చవుతుందంటే అంత అప్పిచ్చారు. ఖర్చెంతో చెప్పేది కాలేజీ, ఇచ్చేది సర్కారు, కట్టేది పిల్లాడు. ఈ లెక్కలో కాలేజీకి ఫీజు తగ్గించాలనే దుర్బుద్ధి ఎందుకు పుడుతుంది? మీరు సాయం పెంచినకొద్దీ వాళ్లు ఫీజులు పెంచుతారని విద్యామంత్రిగా ఉన్న విలియం బెన్నెట్ 1987లోనే పత్రికకెక్కి తిట్టిపోశాడు. అప్పుకు పరిమితి పెడితే ఫీజులు దిగుతాయని ఇప్పటి చట్టసభల ఆశ. దిగితే మంచిదే. దిగకపోతే? ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో నాలుగేళ్ల ఖర్చు చాలాచోట్ల 3 లక్షల డాలర్లు దాటింది. 2 లక్షల దగ్గర సర్కారు తలుపు మూసేస్తే, మిగతాదానికి ప్రైవేటు బ్యాంకు తలుపు తీసే ఉంటుంది. అక్కడ క్రెడిట్ స్కోరు చూస్తారు, జామీను అడుగుతారు. అమ్మాయిని డాక్టరు చేయాలని ఆవిడ పుట్టకముందే నిర్ణయించేసిన మన తెలుగు తల్లిదండ్రులు ఈ సంగతి గమనించగలరు.

వృత్తివిద్య అంటే ఏది అన్న ధర్మసందేహం కూడా తీరింది. 2025 నవంబరులో విద్యాశాఖ కమిటీ ఒప్పుకున్న జాబితాలో వైద్యం, దంతవైద్యం, ఫార్మసీ, పశువైద్యం, లా, కైరోప్రాక్టిక్, మతశాస్త్రం ఉన్నాయి. నర్సింగ్ లేదు. ఫిజికల్ థెరపీ, సోషల్ వర్క్, ప్రజారోగ్యం, ఆర్కిటెక్చర్ లేవు. అంటే రాత్రంతా మేలుకుని రోగిని కాపాడే నర్సు చదువు వృత్తివిద్య కాదు. ఆ రోగి దక్కకపోతే వచ్చి ప్రార్థన చేసే ఫాదరు గారిది వృత్తివిద్య. ఇది ఎవరి గౌరవాన్నీ తగ్గించడానికి కాదు, అప్పు పరిమితికి మాత్రమే అని విద్యాశాఖ వివరణ ఇచ్చింది. గౌరవానికి లోటు లేదు. లోటల్లా లక్ష డాలర్లే.

తిరిగి కట్టే దారి కూడా మార్చారు. కొత్తగా అప్పు తీసుకునేవారికి ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాను ఇక ఒక్కటే. సంపాదనలో 1 నుంచి 10 శాతం కట్టాలి. ఒక మంచి మాట చెప్పాలి: వాయిదా సక్రమంగా కడితే, దానికి అందని వడ్డీని వదిలేస్తారు. చాలా పాత ప్లాన్లలో ఏళ్ల తరబడి కట్టినా బాకీ పెరుగుతూ పోయేది కాబట్టి ఇది నిజంగా మేలే. కానీ మిగిలినది మాఫీ కావాలంటే 20, 25 ఏళ్లు కాదు, ఇప్పుడు 30 ఏళ్లు ఆగాలి. సంపాదన లేకపోయినా నెలకు కనీసం 10 డాలర్లు. పిల్లలుంటే ఒక్కొక్కరికి నెలకు 50 డాలర్ల తగ్గింపు. అమెరికాలో పసివాణ్ణి ఒక్కనెల డేకేర్‌లో వేసినవారికి ఈ 50 డాలర్ల హాస్యం బాగా అర్థమవుతుంది. ఉద్యోగం పోతే వాయిదాలు ఆపుకునే సదుపాయం 2027 జులై నుంచి ఇచ్చే రుణాలకు ఉండదు. అన్నీ ఓర్చుకుని యాభైల్లో మాఫీకి చేరుకుంటే, ఆ మాఫీ అయిన సొమ్మును ఆ ఏటి ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేస్తారు. దీనికున్న పన్ను మినహాయింపు 2025తో ముగిసింది.

ఇక దరఖాస్తు సంగతి. ఫెడరల్ సాయం ఏది కావాలన్నా ‘ఫాఫ్సా’ అనే ఫారం నింపాలి. వందకు పైగా ప్రశ్నలున్నాయి, సులువు చేద్దామని 2020 డిసెంబరులో చట్టం చేశారు. ఆ సులువు చేయడానికి మూడేళ్లు పట్టింది. మామూలుగా అక్టోబరులో వచ్చే ఫారం 2023 డిసెంబరు 30న, చట్టం పెట్టిన గడువు ముంగిట వచ్చి కాసేపు కనిపించి మాయమైంది. 2000 సంవత్సరంలో పుట్టినవాళ్లను ముందుకు పోనివ్వలేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లిదండ్రులను అసలు రానివ్వలేదు. చివరికి ఫారం అక్టోబరు 1కల్లా ఇవ్వాలని కాంగ్రెస్ మళ్లీ ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది.

ఫ్రిస్కోలో మా దూరపు బావ కూతురు టెక్సాస్‌లోనే పుట్టింది, పౌరురాలు. కొడుకు హైదరాబాద్‌లో పుట్టి ఒళ్లో కూర్చుని వచ్చాడు, ఇప్పటికీ తండ్రి ఉద్యోగ వీసాకు తోక అయిన హెచ్4 వీసా మీదే. ఇద్దరూ కాలేజీ ఈడువాళ్లే. అమ్మాయి ఫారం నింపుతూ ఆస్తుల దగ్గర ఆగింది.

“ఏమండీ, తెనాలి పొలం రాయాలా?” అక్క అడిగింది.

“అది నాన్న పొలం కదే.”

“పాస్‌బుక్కు మీ పేరు మీదేగా ఉంది?”

“పేరు నాది. పంట అన్నయ్యది.”

“మరి శంకరపల్లి ప్లాటు?”

బావ లేచి మంచినీళ్లు తాగడానికి వెళ్లాడు. ఫారానికి పంట ఎవరిదన్నది అక్కర్లేదు. ఉంటున్న ఇల్లు తప్ప మిగతా స్థలాలూ పొలాలూ ఏ దేశంలో ఉన్నా విలువ రాయాల్సిందే. ట్రంప్ గారి 2025 చట్టం పొలానికి మినహాయింపు తిరిగి ఇచ్చింది. కుటుంబం అక్కడే నివసించాలని షరతు పెట్టింది. ఫ్రిస్కోలో ఉంటూ తెనాలి చేలో కాపురం ఉన్నామని రాయడానికి బావకు ధైర్యం చాలలేదు.

కొడుకు సంగతి ఫారం పట్టించుకోలేదు. హెచ్4 వాడికి ఫెడరల్ సాయం లేదు. ఇదివరకైతే ఇంట్లో ఇద్దరు కాలేజీలో ఉంటే, కుటుంబం కట్టాల్సిన వాటాను రెండుగా భాగించేవారు. వాడికి రాకపోయినా చెల్లెలి లెక్కకు అక్కరకొచ్చేవాడు. సులువు చేసిన ఫారంలో ఆ భాగహారం ఎగిరిపోయింది. ఇప్పుడు వాడు దానికీ కొరగాడు. ఇంతా చేసి, బావ జీతానికి అమ్మాయికి దక్కేది మొదటి ఏడాది 5,500 డాలర్ల అప్పు. 2025-26లో దాని వడ్డీ 6.39 శాతం, మొదటి రోజు నుంచే. చేతికిచ్చే ముందే 1 శాతం పైచిలుకు ఫీజు కోసుకుంటారు, ఊళ్లో వడ్డీ వ్యాపారి ముందుగానే పట్టుకుని మిగతాది ఇచ్చినట్టు.

హైదరాబాద్ నుంచి ఎఫ్1 విద్యార్థి వీసా మీద వెళ్లేవారు కంగారు పడనక్కర్లేదు. వారికి ఈ చట్టాలేవీ వర్తించవు. ఎందుకంటే వారికి ఫెడరల్ రుణం ఎన్నడూ లేదు. వారి అప్పు మన బ్యాంకులో, నాన్న ఫ్లాటు మీద ఉంటుంది.

నిబంధనలు ఇన్ని మారినప్పుడు అర్థం చెప్పేవాళ్లు ఎక్కువ కావాలి. 2025 మార్చిలో విద్యాశాఖ ఉద్యోగుల్లో దాదాపు సగం మందిని తగ్గించే ప్రకటన వచ్చింది. శాఖనే మూసేయాలని అదే నెల 20న అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. శాఖ మూసినా బాకీ మూయరు. వసూలు చేసే పని ఇంకొకరికి అప్పగిస్తారు.

కాబట్టి అక్కడున్న తెలుగు తల్లిదండ్రులకు చెప్పేదొక్కటే. మాఫీ మాటలు విని అప్పు పెంచుకోకండి. ఒక అధ్యక్షుడు ఇచ్చింది ఇంకొకరు తీసేస్తారు, ఇద్దరూ వదిలేస్తే కోర్టు తీసేస్తుంది. చట్టం పేరు చూడకండి, అమల్లోకి వచ్చే తేదీ చూడండి. 2026 జులై 1కి ముందే అప్పు తీసుకుని అదే కోర్సులో కొనసాగుతున్నవారికి పాత పరిమితులు గరిష్ఠంగా మూడేళ్లు వర్తిస్తాయి. మీ పిల్లలు ఆ లెక్కలోకి వస్తారేమో కాలేజీ ఆఫీసులో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. కట్టిన ప్రతి వాయిదాకూ రసీదు దాచండి. ఈ బేరంలో మాట మార్చే హక్కు అప్పిచ్చినవాడికి మాత్రమే ఉంది. తీసుకున్నవాడి చేతిలో ఉండేది ఆ రసీదే.